డేటాషీట్‌లో కేజీలు, ట్యాంకులో లీటర్లు: మా జనరేటర్ దగ్గర జరిగిన గొడవ

మీరు అడిగింది ఇదీ: డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో) ఇంజిన్ గంటకు 18 కేజీల డీజిల్ తాగుతుందని ఉంది, మీరు ఫీడ్ లైన్‌లో, అంటే ట్యాంకు నుంచి ఇంజిన్‌కి డీజిల్ వెళ్లే పైపులో, పెట్టిన ఫ్లో మీటరేమో గంటకు 61 లీటర్లు చూపిస్తోంది, కేజీల్ని లీటర్లలోకి ఎలా మార్చాలి, మీటరు గానీ పాడైందా అని. మీటరు మీద ఇప్పుడే అనుమానపడకండి. మార్చడం ఒక్క భాగహారమే. గంటకు ఎన్ని కేజీలో దాన్ని లీటరు డీజిల్ బరువుతో భాగించాలి. లీటరు 0.83 కేజీ అనుకుంటే 18ని 0.83తో భాగించండి, 21.7 లీటర్లు. డీజిల్ నీళ్ల కంటే తేలిక కాబట్టి లీటర్ల అంకె ఎప్పుడూ కేజీల అంకె కంటే పెద్దదే రావాలి, చిన్నది వచ్చిందంటే భాగించాల్సిన చోట గుణించారన్నమాట. మిగతా 39 లీటర్ల సంగతి కింద చెప్తాను. ముందు మా గొడవ వినండి, ఎందుకంటే ఆ 0.83 దగ్గరే మేం చిక్కుకున్నాం.

నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెయింటెనెన్స్ చూస్తాను. ఒక మే నెలలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. లోపల నిండా టిక్కీలు (మిర్చి బస్తాలు), బయట మంట లాంటి ఎండ, కంప్రెసర్ ఆపడానికి లేదు, మూడు రోజులు 180 కేవీఏ జనరేటర్ మీదే లాక్కొచ్చాం. మొదటి రోజు 11 గంటలు నడిచింది. ఆ లోడ్‌కి డేటాషీట్‌లో 30 అని ఉంది. ఆఫీసులో గుమాస్తా 11 ముప్ఫైలు 330 అని వేసుకుని, డిప్ కడ్డీ (ట్యాంకులో ముంచి మట్టం చూసే కడ్డీ) ప్రకారం ట్యాంకులో తగ్గింది 405 లీటర్లు కదా, 75 లీటర్లు ఏమైపోయాయి అంటూ ఆపరేటర్ని అందరి ముందూ నిలదీశాడు. ఆ పెద్దాయన చాలా ఏళ్లుగా ఆ షెడ్డులోనే ఉన్నాడు. "75 లీటర్లు జేబులో పెట్టుకుపోతానా బాబూ, గేటు దగ్గర వాచ్‌మన్ లేడా" అన్నాడు అంతే. నేనూ పక్కనే ఉన్నాను, నోరు మెదపలేదు, ఎందుకంటే నాకూ లెక్క అలాగే కనపడింది.

రాత్రి డేటాషీట్ మళ్లీ తీసి చూస్తే ఆ 30 ఉన్న గడి పైన చిన్న అక్షరాల్లో గంటకు కేజీలు అని ఉంది. సరే, 330ని 0.83తో భాగిస్తే 398. ఇంకా 7 లీటర్లు తేలలేదు. మామూలుగా అయితే వదిలేసేవాణ్ణే, కానీ దొంగతనం మాట వచ్చాక 7 లీటర్లు కూడా మిగలకూడదు అనిపించింది.

మేం డీజిల్ తెచ్చుకునే బంకులో పంపు మీద డెన్సిటీ 828 అని ఉంది. అంటే ఘనపు మీటరుకి 828 కేజీలు, లీటరుకి 0.828. కానీ అది 15 డిగ్రీల దగ్గర లెక్క. గుంటూరులో 15 డిగ్రీలు సంక్రాంతి తెల్లవారుజామున కూడా గగనమే, ఇక మేలో రేకుల షెడ్డు కింద ట్యాంకు సంగతి చెప్పేదేముంది. బంకువాళ్లనే బతిమాలి అర లీటరు గాజు జాడీ, హైడ్రోమీటర్ (ద్రవంలో తేలుతూ డెన్సిటీ చూపించే గాజు గొట్టం), థర్మామీటర్ తెచ్చుకున్నాం. ట్యాంకులోంచి తీసిన డీజిల్ పోసి, హైడ్రోమీటర్ని మెల్లగా వదిలి, అది ఊగడం ఆగాక కన్ను ద్రవం మట్టానికి దించి చూడాలి, పైనుంచి వంగి చూస్తే తప్పొస్తుంది. 42 డిగ్రీలు, 809. డీజిల్ డెన్సిటీ డిగ్రీకి దాదాపు 0.7 పాయింటు పడిపోతుంది, 27 డిగ్రీల తేడాకి 19, అంటే 828 లోంచి 19 పోతే అదే 809. 330ని 0.809తో భాగిస్తే 408. కడ్డీ చెప్పింది 405. ఆ 3 లీటర్లు కడ్డీ చూడ్డంలో తేడా, నాకు అందులో సందేహం లేదు.

కాగితం చూపించాక గుమాస్తా టీ తెప్పించాడు. ఆపరేటర్ తాగకుండా షెడ్డులోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మీ 61. డీజిల్ ఇంజిన్‌లో పంపు లాగిన ఇంధనమంతా కాలదు, మిగిలింది రిటర్న్ లైన్‌లో వెనక్కి ట్యాంకులోకి పోతుంది. మీ మీటరు ఫీడ్ లైన్‌లో ఒక్కటే ఉంటే అది పోయేదంతా లెక్కపెడుతోంది, కాలింది ఎంతో చెప్పట్లేదు. రిటర్న్‌లో ఇంకో మీటరు పెట్టి తీసివేయాలి, అది కూడా నేరుగా లీటర్లలోంచి లీటర్లు కాదు. తిరిగొచ్చే డీజిల్ ఒక 20 డిగ్రీలు వేడిగా ఉందనుకోండి, అదే బరువు ఇంకాస్త ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, 39 లీటర్లలో దాదాపు 0.7 లీటరు ఉబ్బే. మీ 22 లీటర్ల వాడకంలో అది 3 శాతం. అందుకే రెండు మీటర్లనీ వాటి వాటి వేడి దగ్గరి డెన్సిటీతో కేజీల్లోకి మార్చి, అప్పుడు తీసివేయండి. వేడికి లీటరు మారుతుంది గానీ కేజీ మారదు.

వేరే యూనిట్లలో వస్తే కంగారుపడొద్దు. సెకనుకు గ్రాములుంటే 3.6తో గుణిస్తే గంటకు కేజీలు. పెట్రోలు ఇంజెక్టర్ల మీద గంటకు పౌండ్లు ఉంటే 10.5తో గుణిస్తే నిమిషానికి సీసీలు, ఇది లీటరు పెట్రోలు 0.72 కేజీ అనుకుని కట్టిన లెక్క, డీజిల్‌కి వాడకండి. ఇంకోటి, విజయవాడ ఆటోనగర్లో ఇంజెక్టర్లు క్లీన్ చేసేచోట గాజు గొట్టాల్లో చూపించే సీసీలు చాలాసార్లు టెస్ట్ ఆయిల్‌వి, పెట్రోలువి కావు.

ఇదంతా చాదస్తం అనిపిస్తే 1983 జులై 23న కెనడాలో ఏమైందో చూడండి. ఎయిర్ కెనడా బోయింగ్ 767కి 22,300 కేజీల ఇంధనం కావాలి. లీటరుకి 0.8 కేజీ వేయాల్సిన చోట 1.77 వేశారు, అది లీటరుకి పౌండ్లు. ట్యాంకుల్లో అప్పటికే ఉన్నది పోను ఇంకా 20,000 లీటర్లకు పైగా పోయాల్సింది 4,917 లీటర్లు పోశారు. గాల్లోనే రెండు ఇంజిన్లూ ఆగిపోయి, గిమ్లీ అనే ఊళ్లో పాత ఎయిర్‌బేస్ రన్‌వే మీద గ్లైడర్‌లా దించారు, అందరూ బతికారు.

మీ ట్యాంకు ఎండలో ఉందా నీడలో ఉందా, రిటర్న్ పైపు ట్యాంకులోకే పోతోందా లేక ఫిల్టర్ ముందు ఫీడ్ లైన్‌లోనే కలుస్తోందా చూసి రాయండి. ఫీడ్ లైన్‌లో, మీ మీటరు దాటాక కలుస్తుంటే మాత్రం 61 రాకూడదు, అప్పుడు నిజంగానే మీటరు విప్పాల్సిందే.