టెక్ సందేహాలు: డ్రయ్యర్ తిరుగుతోంది, బట్టలు మాత్రం ఆరడం లేదు

నాలుగు రోజులు ముసురు పడితే చాలు, హైదరాబాద్‌లో టెక్ సందేహాలన్నీ బాల్కనీలోకి చేరతాయి. ఫోన్లు, వైఫై మీద వచ్చిన ప్రశ్నల్ని ఈసారికి పక్కన పెట్టేశాను. డ్రయ్యర్ల మీద వచ్చినవాటికే చోటు చాలేలా లేదు.

మాది ఏడు కిలోల కండెన్సర్ డ్రయ్యర్, కొని మూడేళ్లయింది. మొదట్లో గంటన్నరలో ఆరిపోయేవి. ఇప్పుడు మూడు గంటలు తిప్పినా తువ్వాళ్లు తడిగానే ఉంటున్నాయి. మెకానిక్ హీటర్ మార్చాలంటున్నాడు. మార్చమంటారా?
– ఒక పాఠకురాలు, మణికొండ

అప్పుడే మార్చకండి. హీటర్ పోతే డ్రమ్ములో గాలి చల్లగా ఉంటుంది. అరగంట తిరిగాక ఆపి, తలుపు తీసి చెయ్యి పెట్టండి. లోపల వెచ్చగా, ఆవిరి పట్టినట్టు ఉంటే వేడి బాగానే పుడుతోంది, తేమే బయటపడడం లేదు. కొన్ని మోడళ్లలో రెండు కాయిల్స్ ఉంటాయి, ఒకటి పోతే గోరువెచ్చగానే ఉంటుంది. ఆ అనుమానం ఉంటే మీటర్ పెట్టి చూపించమని అడగండి. మీటర్ పెట్టకుండా హీటర్ పోయిందనేవాళ్ల మాట నమ్మక్కర్లేదు.

వేడి గాలి బట్టల్లో తడిని లాక్కుంటుంది. కండెన్సర్ దగ్గరికి వచ్చి చల్లబడి, ఆ తడిని నీళ్లుగా ట్యాంకులోకి వదిలేస్తుంది. మళ్లీ వేడెక్కి డ్రమ్ములోకి పోతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డు తగిలినా గంటల కొద్దీ తిరగడమే. అందుకే ముందు ట్యాంకు చూడండి. ఇదివరకు ఒక లోడుకు ఎంత నిండేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు అందులో సగం కూడా రావడం లేదంటే గాలి దారి మూసుకుపోయినట్టే. నీళ్లు తగ్గి యుటిలిటీ గోడలు చెమర్చుతుంటే, ఆవిరి సీలు దగ్గర బయటికి పోతోందని అర్థం.

ఫిల్టర్ ప్రతిసారీ శుభ్రం చేస్తున్నామని మీరు రాశారు. చేత్తో నూగు తీసేసి పెడుతున్నారన్నమాట. జాలీని వెలుతురుకు పట్టి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. ఒకసారి కుళాయి కింద పట్టండి. నీళ్లు కిందికి కారిపోకుండా జాలీ మీదే నిలబడితే, ఫ్యాబ్రిక్ కండిషనర్ జిడ్డు పొరగా పేరుకుపోయింది. కంటికి కనిపించదు గానీ గాలిని ఆపేస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్‌తో రెండు వైపులా రుద్ది, పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి. మూత నిండా కండిషనర్ పోసే అలవాటుంటే తగ్గించుకోండి. తువ్వాళ్లకైతే అసలు వద్దు, నీళ్లు పీల్చడం మానేస్తాయి.

తర్వాత కండెన్సర్. మెషిన్ కింది భాగంలో ఓ పక్క చిన్న మూత ఉంటుంది. దాని వెనక గడియలు తిప్పి లాగితే పొడుగాటి డబ్బా లాంటి భాగం బయటికొస్తుంది. మూడేళ్లలో ఒక్కసారీ తీసి ఉండకపోతే, దాని రేకుల మధ్య బూడిదరంగు నూగూ, మీ చుట్టుపక్కల కడుతున్న టవర్ల దుమ్మూ కలిసి తడిసి గట్టిపడి ఉంటాయి. బాత్‌రూమ్‌లో హ్యాండ్ షవర్‌తో ఎదురు నుంచీ, పక్క నుంచీ నీళ్లు తేటగా వచ్చేదాకా కొట్టండి. స్క్రూడ్రైవర్‌తో గోకొద్దు, ఆ రేకులు ఇట్టే వంగిపోతాయి. ఆరాక, రబ్బరు సీలు తుడిచి బిగించండి. వారానికి మూడు నాలుగు లోడ్లు వేసే ఇంట్లో నెలకోసారి ఈ పని చేయాలి. హీట్ పంప్ రకం వాడేవాళ్లు ఇది చదివి నీళ్లు కొట్టకండి. వాటిలో ఈ భాగం మామూలుగా బయటికి రాదు. మెత్తటి బ్రష్‌తోనో వ్యాక్యూమ్ క్లీనర్‌తోనో పైపైన నూగు తీయాలి.

ఇంకొక్క మాట. దుమ్ముకు భయపడి యుటిలిటీకి గ్లాస్ స్లైడింగ్ పెట్టించి, అది మూసేసి డ్రయ్యర్ వేస్తారు చాలామంది. కండెన్సర్‌ను చల్లబరచాల్సింది ఆ గదిలో గాలే. అదే ఉడికిపోతుంటే ఆవిరి నీళ్లెలా అవుతుంది? జల్లు కొట్టకపోతే కిటికీ తెరిచే ఉంచండి.

ఇవన్నీ చేశాక కూడా గంటన్నర మూడు గంటలవుతుంటే, అప్పుడు మెకానిక్‌ను పిలవండి.

(దీనికి తిరగబడ్డ ప్రశ్న ఒకటి మల్కాజిగిరి నుంచి వచ్చింది: బట్టలు తడిగా ఉండగానే మెషిన్ ఆగిపోతోందట. డ్రమ్ములో ఫిల్టర్ దగ్గర రెండు చిన్న లోహపు పట్టీలుంటాయి. తడి బట్టలు వాటికి తగిలితే కాస్త కరెంటు పారుతుంది, పారడం తగ్గితే ఆరిపోయాయని మెషిన్ అనుకుంటుంది. బోరు నీళ్ల ఉప్పో, కండిషనర్ జిడ్డో వాటి మీద పొర కడితే లెక్క తప్పుతుంది. గుడ్డకు కాస్త వెనిగర్ అద్ది తుడవండి.)

మాది వాషర్ డ్రయ్యర్, రెండూ ఒకటే మెషిన్. ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్‌లో మధ్యాహ్నం నీళ్లు ఆపేస్తున్నారు. పొద్దున్నే ఉతికేసి, మధ్యాహ్నం డ్రై పెడితే ఎర్రర్ వస్తోంది. ఆరబెట్టడానికి నీళ్లెందుకండీ?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

న్యాయమైన ప్రశ్నే. ఇలాంటి మెషిన్లు చాలావాటిలో ఆవిరిని చల్లబరిచేది గాలి కాదు, చన్నీళ్లు. డ్రై అవుతున్నంతసేపూ కొద్దికొద్దిగా నీళ్లు తీసుకుని, ఆవిరితో సహా డ్రెయిన్‌లోకి వదిలేస్తాయి. కుళాయి కట్టేస్తే పని ఆగిపోతుంది. మెషిన్‌లో లోపమేమీ లేదు, డ్రై కూడా నీళ్లున్నప్పుడే పెట్టుకోండి. ట్యాంకర్లు తెప్పించుకునే కాలనీల్లో ఉండి ఇలాంటిది కొనబోతున్నవాళ్లు షోరూమ్‌లో ఈ సంగతి ముందే అడగాలి. సేల్స్ వాళ్లు తమంతట తాము చెప్పరు. ఎనిమిది కిలోలు ఉతికే మెషిన్ ఆరబెట్టేది ఐదు కిలోలే అనీ చెప్పరు. ఉతికిన బట్టల్లో సగం తీసేసి డ్రై పెట్టి చూడండి, ముడతలు కూడా తగ్గుతాయి.

పైపు కిటికీలోంచి బయటికి పెట్టే పాత రకం డ్రయ్యర్ మాది. డ్రమ్ము తిరుగుతుంది, వేడి రాదు. లోపల ఏదో ఫ్యూజు పోయిందని మెకానిక్ డైరెక్ట్ చేసి వెళ్లాడు. ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. ఇబ్బందేమీ లేదు కదా?
– ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

ఉంది. వెంటనే ఆపేయండి. పోయింది థర్మల్ ఫ్యూజు. లోపల వేడి హద్దు దాటితే హీటర్‌కు కరెంటు ఆపడమే దాని పని. ఒకసారి తెగితే మళ్లీ అతుక్కోదు, కొత్తది వేయాల్సిందే. దాన్ని డైరెక్ట్ చేస్తే, ఈసారి వేడి హద్దు దాటినప్పుడు అడ్డుకునేది ఉండదు. లోపలేమో నూగు, అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమనే సరుకు.

అసలు అది ఎందుకు తెగిందో కూడా చూడాలి. బయటికి వెళ్లి పైపు చివర చూడండి. మన ఊళ్లో నేను మొదట అనుమానించేది పావురాల్ని. డ్రయ్యర్ రెండు నెలలు వాడకపోతే అవి పుల్లలు తెచ్చి కాపురం పెట్టేస్తాయి. అలాగని పైపు మూతికి దోమల జాలీ కట్టకండి, వారం తిరక్కుండా నూగు పట్టి అదే బిరడా అవుతుంది. గాలి వచ్చినప్పుడు తెరుచుకుని, ఆగగానే మూసుకునే రెక్కల మూత పెట్టించండి. పైపు ప్లాస్టిక్‌ది అయితే తీసేసి అల్యూమినియంది వేయించండి. ఎంత పొట్టిగా, ఎంత తక్కువ వంపులతో ఉంటే అంత మంచిది.

మా నాన్నగారికి రోజూ నువ్వుల నూనెతో మర్దన చేస్తాం. ఆ తువ్వాళ్లు ఉతికి డ్రయ్యర్‌లో వేస్తే మాడు వాసన వస్తోంది. రాత్రి డ్రయ్యర్ పెట్టి పడుకుంటాం, ఫర్వాలేదా?
– ఒక పాఠకుడు, అల్వాల్

రెండూ మానేయండి. నూనె ఒక్క ఉతుకుకు పోదు. నువ్వుల నూనె, సన్‌ఫ్లవర్ నూనె లాంటివి గాలి తగిలి, వేడి తగిలి, తమలో తామే ఇంకా వేడెక్కుతాయి. డ్రయ్యర్‌లోంచి తీసిన వేడి తువ్వాళ్లను అలాగే కుప్పగా పడేస్తే ఆ వేడి బయటికి పోయే దారిలేక, నిప్పు లేకుండానే అంటుకోవచ్చు. చివర్లో వచ్చే చల్లబరిచే దశ కొంత ఇందుకే, దాన్ని మధ్యలో ఆపకూడదు. కొబ్బరి నూనెకు ఈ గుణం తక్కువే కానీ దాన్నీ పరీక్షించడం ఎందుకు? మర్దన తువ్వాళ్లు, వంటింటి మసి గుడ్డలు తీగ మీదే ఆరేయండి, ముసురైతే ఫ్యాను కింద.

ఇక రాత్రి సంగతి. 2016 ఆగస్టులో లండన్ షెపర్డ్స్ బుష్‌లో 18 అంతస్తుల భవనంలో మంటలు లేచాయి. కారణం లోపమున్న డ్రయ్యర్ అని అక్కడి ఫైర్ బ్రిగేడ్ తేల్చింది. మనుషులు మెలకువగా ఇంట్లో ఉన్నప్పుడే డ్రయ్యర్ వేయాలి.

సెమీ ఆటోమేటిక్‌లో డ్రయ్యర్ టబ్బు తిరగడం లేదు.
– దిల్‌సుఖ్‌నగర్

ప్లగ్ తీసేసి, మూత తెరిచి టబ్బులోకి, దాని అంచు కిందికి చూడండి. చేతిరుమాలో, పిల్లల సాక్సో దూరి ఉంటుంది. అదేమీ లేకపోతే మోటారు చప్పుడు వినండి. గుర్రుమంటూ తిరగకపోతే కెపాసిటరో, వదలని బ్రేకో. చప్పుడే లేకపోతే మూత దగ్గర స్విచ్చో, టైమరో. రిపేరు పెద్దదేమీ కాదు, కొత్త మెషిన్ కొనమంటే ఒప్పుకోకండి.

డ్రయ్యర్ వేస్తే ప్లగ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. కన్వర్టర్ ప్లగ్ మారుస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

సరిపోదు. మామూలు డ్రయ్యర్ 2,400 వాట్ల దాకా తీసుకుంటుంది. 230 వోల్టుల మీద అది పది ఆంపియర్ల పైమాటే, అదీ గంటకు పైగా. కన్వర్టర్ పెట్టి ఆ భారాన్ని ఫోన్ ఛార్జర్ల కోసం పెట్టిన 6 ఆంపియర్ల పాయింటు మీద వేస్తే కరిగిపోక ఏం చేస్తుంది? ఎక్స్‌టెన్షన్ బాక్సుదీ అదే కథ. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి డ్రయ్యర్‌కు విడిగా 16 ఆంపియర్ల పాయింటు వేయించండి, 4 స్క్వేర్ ఎం.ఎం. రాగి తీగతో, ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూసి. గీజర్ పాయింటులోంచి లాగుతానంటే ఒప్పుకోవద్దు. అది పూర్తయ్యేదాకా డ్రయ్యర్ వేయకండి.