సమాధానం: కోహాలో పుట్టిన తేదీలు తారుమారు, కొన్నిటికి ఎర్రర్

విద్యార్థుల జాబితాను ఎక్సెల్ నుంచి కోహాలోకి (లైబ్రరీ సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తే పుట్టిన తేదీలు తారుమారయ్యాయని అడిగారు. మీ కోహాలో తేదీ రాసే తీరును నిర్ణయించే డేట్‌ఫార్మాట్ సెట్టింగ్ ఇంకా అమెరికా పద్ధతిలో, నెల ముందు ఉండేలా ఉంది. అందుకే మీ గుంటూరు కాలేజీ జాబితాలో ఆగస్టు 5 అనుకుని రాసిన 05/08/2004 కాస్తా మే 8 అయింది. 25/08/2004కి మాత్రం ఎర్రర్, 25వ నెల లేదుగా. ఎర్రర్ వచ్చినవి నయం. 12వ తేదీ వరకూ ఉన్నవి చడీచప్పుడు లేకుండా తప్పుగా ఎక్కేశాయి.

1. అడ్మినిస్ట్రేషన్, సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో డేట్‌ఫార్మాట్ వెతికి రోజు/నెల/సంవత్సరం పెట్టండి. దీంతో తేదీలను చూపే, చదివే తీరు మారుతుంది గానీ, ఇప్పటికే ఎక్కిన తప్పులు అలాగే ఉంటాయి.

2. అసలు ఎక్సెల్ ఫైల్లో తేదీల కాలమ్‌లన్నీ 2004-08-05 రూపంలోకి మార్చండి. ఈ రూపాన్ని కోహా ఏ సెట్టింగ్‌లోనైనా సరిగ్గా చదువుతుంది. ఫార్మాట్ మార్చినా కదలని గడి తేదీ కాదు, టెక్స్ట్. దానికి డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్, మూడో స్టెప్‌లో డేట్: డీఎంవై (రోజు, నెల, సంవత్సరం) ఎంచుకోండి.

3. అందరూ తప్పేది ఇక్కడే. ఫైల్‌ను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) సేవ్ చేశాక దాన్ని మళ్లీ ఎక్సెల్‌లో తెరవకండి. తెరిచి సేవ్ చేస్తే విండోస్ రీజియన్ ప్రకారం తేదీ మారిపోతుంది, నంబర్లకు ముందున్న సున్నాలూ ఎగిరిపోవచ్చు. సరిచూసుకోవాలంటే నోట్‌ప్యాడ్ చాలు.

4. ఇంపోర్ట్ పేట్రన్స్‌లో (పేట్రన్స్ అంటే లైబ్రరీ సభ్యులు) కార్డ్ నంబర్‌తో మ్యాచ్ చేసి, ఉన్న రికార్డుపై ఓవర్‌రైట్ ఎంచుకోండి. ముందు ఐదు వరసలతో చేసి చూడండి.