యతి కోసం అమ్మను మార్చాలా?

ప్రశ్న: మూడు నెలలుగా ఆటవెలది పద్యం సాధన చేస్తున్నాను. 'అమ్మ' అని రాద్దామని కూర్చుంటే యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం జోడీ కుదరడం) కోసం 'తల్లి' అవుతోంది. పద్యం నిలబడుతోంది గానీ అందులో నేను లేను. వచన కవితకు వెళ్లిపోనా?

జవాబు: వెళ్తే తప్పేమీ లేదు. కానీ మీకు అడ్డొచ్చింది ఛందస్సు కాదు, తొందర. మీరు పంపిన పాదాలివి:

వాన వచ్చె ననుచు వాకిట బట్టలు
దండెమీద నుండి తల్లి తీసె

గణాలు, అంటే గురువుల (రెండు మాత్రల అక్షరాలు), లఘువుల (ఒక మాత్రవి) గుంపులు, సరిగ్గానే పడ్డాయి. సూర్యగణం మూడు మాత్రలది: గురువు, లఘువు లేదా మూడు లఘువులు. ఇంద్రగణం నాలుగైదు మాత్రలది. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం పాదాద్యక్షరంతో కుదరాలి. త, ద ఒకే వర్గం కాబట్టి యతీ చెల్లింది. అయితే 'దండెమీద'ను కదపకుండా ఉంచి 'అమ్మ'ను వదులుకున్నారు. తిరగేయండి. నాలుగో గణంలో 'అమ్మ'ను ముందు కూర్చోబెట్టి, ఆమెకు యతి కుదిరే అ, ఆ, య, హలతో పాదం ఎత్తుకోండి:

ఆరలేదు గాని యమ్మ తీసె

బట్టలు ఆరలేదన్న సంగతి మీరు అనుకున్న దాంట్లో లేదు, యతి వెతుకులాటలో దొరికింది. దండెం పోయి తడి వచ్చింది. ('బట్టలు', 'ఆరలేదు' సంధిలో కలవలేదు కాబట్టి పాదాల మధ్య విసంధి అని పండితులు పట్టుకుంటారు. మొదటి ఏడాది వదిలేయండి.)

అసలు ప్రమాదం ఊతపదాలది. 'ధరణిలోన', 'చక్కగాను', 'నిక్కముగను' ఒక్కొక్కటీ సరిగ్గా రెండు సూర్యగణాలు. అందుకే చెయ్యి అటే పోతుంది. పద్యం పూర్తయ్యాక వాటిని కొట్టేసి చదవండి. అర్థం చెడకపోతే ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉన్నట్టు. మకుటం పెట్టుకుని సాధన చేయడమూ వద్దు. నాలుగో పాదం 'విశ్వదాభిరామ వినుర వేమ'కు ఇచ్చేస్తే పద్యాన్ని ముగించడం ఎప్పటికీ రాదు.

ప్రశ్న: కంద పద్యం ఎక్కడ చెడుతుంది?

జవాబు: ఎక్కువగా ఆరో గణంలో. రెండు పాదాలు కలిపి ఎనిమిది గణాలుగా లెక్కపెట్టండి. గగ (రెండు గురువులు), భ (గురువు, రెండు లఘువులు), జ (రెండు లఘువుల మధ్య గురువు), స (రెండు లఘువులు, గురువు), నల (నాలుగు లఘువులు) తప్ప వేరేవి రాకూడదు. బేసి గణాల్లో జగణం నిషిద్ధం. ఆరోది మాత్రం జగణమో నలమో కావాలి. ఎనిమిదోది గురువుతో ముగియాలి. ఏడో గణం మొదట యతి, నాలుగు పాదాలకూ ప్రాస (రెండో అక్షరంలో ఒకే హల్లు). మొదటి మాట నుంచి వరసగా రాసుకుంటూ పోతే ఆరో గణం దగ్గర ఇరుక్కుంటారు. ముందు ఆ మాట దొరకబుచ్చుకుని, అటూ ఇటూ కట్టుకుంటూ పోండి.