శాన్ హోసే నుంచి లిమోన్ వెళ్ళొచ్చా, లేక నేరుగా బీచ్‌కేనా?

కోస్టారికాలో కరీబియన్ తీరాన ఉన్న లిమోన్ ఊరు సేఫేనా, ఊళ్ళో ఆగాలా లేక బస్సు మారి కవీతా బీచ్‌కి వెళ్ళిపోవాలా అని అడిగారు కదా, నేనైతే కనీసం ఒక రాత్రి ఆగమనే చెప్తాను. రాజధాని శాన్ హోసే పక్కన ఉద్యోగం చేసినన్నాళ్ళూ వీలు దొరికితే లిమోన్‌కే పోయేవాడిని. ఆఫీసులో అందరూ వద్దనేవాళ్ళు. క్రైమ్ ఉంది, నిజమే, చీకటి పడ్డాక తెలియని వీధుల్లో తిరక్కండి, ట్యాక్సీ పిలిపించుకోండి. కానీ ఆ ఒక్క మాటతో ఊరిని కొట్టిపారేస్తే నాకు బాధేస్తుంది.

ఎందుకంటే ఆ దేశానికి సముద్రం దాకా రైలు దారి వేసింది ఈ ఊరి జనాల తాతముత్తాతలే. 1871లో మొదలుపెడితే శాన్ హోసే దాకా పూర్తయ్యేసరికి 1890 అయ్యింది, జమైకా నుంచి చైనా నుంచి వచ్చిన కూలీలు ఆ అడవుల్లో జ్వరాలొచ్చి ఎంతమంది పోయారో. తర్వాత అరటి తోటల్లోనూ వాళ్ళ చెమటే, 1910 ప్రాంతంలో, తర్వాత నల్లవాళ్ళ హక్కుల నాయకుడిగా పేరుపొందిన జమైకావాడు మార్కస్ గార్వీ కూడా ఇక్కడి తోటల్లో టైమ్‌కీపర్‌గా చేశాడు. ఇంత చేసినా అక్కడే పుట్టిన నల్లవాళ్ళలో చాలామందికి పౌరసత్వం దక్కింది 1949 తర్వాతే. గార్వీ పెట్టిన నల్లవాళ్ళ సంఘం వాళ్ళు 1922లో కట్టుకున్న చెక్క బిల్డింగ్ 2016లో కాలిపోయింది, దాని గురించి చెప్తుంటే పెద్దవాళ్ళ గొంతు ఇప్పటికీ మారిపోతుంది.

తిండి దగ్గరికొస్తే, ఆదివారం ఉండేలా ప్లాన్ చేసుకోండి, ఆ రోజు ఇంటింటా రైస్ అండ్ బీన్స్ ఉంటుంది. నేను దిగే ఇంటి పెద్దావిడ కొబ్బరి కోరి పాలు పిండి, ఉడికిన ఎర్ర బీన్స్, బియ్యం, థైమ్ రెమ్మ వేసి, పైన ఒక్క పనామా మిర్చి కోయకుండా అలాగే పెట్టేవారు, అది చిట్లకూడదు, చిట్లిందంటే గిన్నెంతా కారమే. శాన్ హోసేలో పొద్దున్నే తినే గాయో పింతోకీ (అన్నం, బీన్స్ కలిపి వేయించేది) దీనికీ పోలికే లేదు, మన కొబ్బరన్నం ఇష్టమున్నవాళ్ళకి వెంటనే నచ్చేస్తుంది.

ఊళ్ళో ఈత కొట్టే బీచ్ ఆశించకండి. 1991 ఏప్రిల్ భూకంపానికి తీరం మీటరు పైనే లేచి పగడపు రాళ్ళు బయటపడ్డాయి, ఆ గట్టు మీద సాయంత్రం నడవడానికి మాత్రం చాలా బావుంటుంది.

ఆగస్టు 31న నల్లజాతి సంస్కృతి దినోత్సవం పరేడ్, అక్టోబర్‌లో కార్నివాల్, ఈ రెండిట్లో దేనికి వెళ్ళినా రూమ్ ముందే బుక్ చేసుకోండి.