లీడ్స్ వచ్చే అమ్మానాన్నలకు ఏ పాత కట్టడాలు చూపించాలి?

ఆగస్టులో అమ్మానాన్న మూడు వారాలకు ఇంగ్లాండ్‌లోని లీడ్స్ వస్తున్నారు, చుట్టుపక్కల పాత దొరల మేడలు చూపించాలనుంది, దేంతో మొదలుపెట్టాలి అని అడిగారు. నేను ఇక్కడ తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. మా నాన్నను రెండు వేసవుల్లో తిప్పాను. ఆయన చీరాలలో నలభై ఏళ్ళు గుంట మగ్గం మీద నేసిన మనిషి.

మొదటిసారి పెద్ద పేరున్న ఒక మేడకు తీసుకెళ్ళాను. గది తర్వాత గది, తాడు ఇవతల నిలబడి బంగారు పూత కుర్చీలు చూడటమే. కూర్చోవడానికి చోటు లేదు. నాలుగో గదికే నాన్న మోకాళ్ళు పట్టేశాయి. "బాగుందిరా, ఇక వెళ్దామా" అన్నారు. ఇంటికొచ్చాక చాలా బాధపడ్డాను. అందుకే చెబుతున్నాను: పెద్ద మేడ ఒక్కటి చాలు. మిగతా రోజులు నేతగాళ్ళ కట్టడాలకు ఇవ్వండి. ఈ ప్రాంతం లేచిందే బట్ట మీద. మీవాళ్ళకు మగ్గం తెలియకపోయినా ఇవి అర్థమవుతాయి.

ముందు హాలిఫాక్స్ వెళ్ళండి, లీడ్స్ నుంచి నేరుగా రైలుంది. అక్కడి పీస్ హాల్ 1779 జనవరి 1న తెరిచారు. పీస్ అంటే మన తాను, సుమారు ముప్పై గజాల ఉన్ని బట్ట. పెద్ద రాతి ముంగిలి, దాని చుట్టూ స్తంభాల వరండాలు, వాటి వెనక 315 గదులు. చుట్టుపక్కల కొండల మీద ఇళ్ళలో నేసిన తానులు ఇక్కడికి తెచ్చి అమ్మేవారు. గంట కొట్టాకే బేరాలు మొదలు. మిల్లులు వచ్చాక ఆ వ్యాపారం పడిపోయింది, తర్వాత కూరగాయలు, పండ్ల మార్కెట్ అయింది. బాగుచేసి 2017లో మళ్ళీ తెరిచారు. లోపలికి టికెట్ లేదు, కావలసినన్ని బల్లలున్నాయి. నాన్న గంటన్నర కూర్చుని, "ఇంత మేడ నేతగాళ్ళ కోసం కట్టారా?" అని రెండుసార్లు అడిగారు. మాస్టర్ వీవర్ గడప దగ్గర తాను పట్టుకుని నిలబడ్డ రోజులు ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి. నేను ఏమీ అడగలేదు.

అదే ఊళ్ళో షిబ్డెన్ హాల్ ఉంది. 1420 ప్రాంతంలో కట్టిన చెక్క చట్రపు ఇల్లు, నడవగలిగినంత చిన్నది. కొంత భాగం రహస్య లిపిలో డైరీలు రాసుకున్న ఆన్ లిస్టర్ ఇల్లు ఇదే. టైముంటే చూడండి.

తప్పకుండా వెళ్ళవలసింది హడర్స్‌ఫీల్డ్ దగ్గర గోల్కార్ అనే ఊరికి. దారిలో కొండవాలు మీద పాత రాతి ఇళ్ళు గమనించండి. కింది అంతస్తులో మామూలు కిటికీలే ఉంటాయి, పై అంతస్తులో మాత్రం గోడ పొడవునా రాతి కమ్ముల మధ్య వరుసగా కిటికీలు. నేను ఏళ్ళ తరబడి వాటిని చూస్తూనే ఉన్నాను, ఎందుకో ఆలోచించలేదు. నాన్న బస్సులోంచి చూసి వెంటనే చెప్పారు: "మగ్గాలు పైన పెట్టుకున్నార్రా. మనకు నూలుకు తేమ కావాలి, గుంట తవ్వుకున్నాం. వీళ్ళకు వెలుతురు కరువు, మేడెక్కారు."

గోల్కార్‌లో కోల్న్ వ్యాలీ మ్యూజియం అలాంటి నేతగాళ్ళ ఇళ్ళలోనే ఉంది. స్థానికులు స్వచ్ఛందంగా నడుపుతారు. పైన చేమగ్గాలున్నాయి. అక్కడున్న పెద్దాయనకు నాన్న నేతగాడని చెప్పాను. ఆయన లేచి మగ్గం పలక ఖాళీ చేశారు. నాన్నకు ఇంగ్లిష్ రాదు, ఆయనకు తెలుగు రాదు. నాన్న తాడు లాగారు, నాడె అటు నుంచి ఇటు పరుగెత్తింది. "ఇది మన ఫ్లై షటిలే!" అన్నారు. 1733లో దానికి పేటెంటు తీసుకున్న జాన్ కే ఈ కొండల అవతల బరీ ప్రాంతం వాడే. ఆ రోజు పడుగు, పేక గురించి వాళ్ళిద్దరూ చేతులతోనే ముప్పావుగంట మాట్లాడుకున్నారు.

కారుంటే బోల్టన్‌లో హాల్ ఇ'థ్ వుడ్ కూడా చూడండి. సామ్యూల్ క్రాంప్టన్ స్పిన్నింగ్ మ్యూల్ అనే నూలు వడికే యంత్రం తయారుచేసిన పాత ఇల్లు అది. అదీ 1779లోనే. యంత్రాలు విరగ్గొట్టే గుంపుల భయంతో దాన్ని విడదీసి అటకలో దాచాడట. మస్లిన్‌కు కావలసినంత సన్నని నూలు ఇంగ్లాండ్‌లో యంత్రం మీద తీయడం సాధ్యమైంది దీనితోనే. మన వైపు రాట్నాల బతుకు కుంగిపోవడం వెనక ఈ చిన్న ఇల్లు కూడా ఉందని అక్కడ నిలబడ్డప్పుడు తట్టింది.

ఇక పెద్ద మేడ. హేర్‌వుడ్ హౌస్‌కు లీడ్స్ నుంచి 36వ నంబరు బస్సుంది. పని గొప్పదే, పక్కనున్న ఆట్లీలో పుట్టిన చిపెండేల్ అనే పేరున్న వడ్రంగి చేసిన కుర్చీలు, బల్లల్లాంటి సామాను ఉంది. కానీ కట్టిన డబ్బు కరీబియన్ చెరకు తోటల్లో బానిసల చెమట. అది తెలిసి చూడాలి. నా ఓటు మాత్రం టెంపుల్ న్యూసమ్‌కు. 1622 నుంచి మూడు వందల ఏళ్ళు ఒకే వంశం చేతిలో ఉంది. 1922లో దాన్ని లీడ్స్ నగరానికి అమ్మిన ఎడ్వర్డ్ వుడ్ ఎవరో కాదు, నాలుగేళ్ళకు మన వైస్రాయిగా వచ్చిన లార్డ్ ఇర్విన్! గాంధీ–ఇర్విన్ ఒడంబడిక స్కూల్లో చదువుకున్న నాన్న ఆ మాట వినగానే నిటారుగా నిలబడ్డారు. లోపల చేత్తో చిత్రించిన చైనా గోడకాగితం ఉన్న గది అడిగి మరీ చూడండి. అందులో కొన్ని పక్షులు ఆడుబన్ అనే చిత్రకారుడి పక్షుల బొమ్మల పుస్తకంలోంచి ఆ ఇంటి ఆవిడ కత్తిరించి అతికించినవి.

చిన్న మ్యూజియాలు చాలావరకు వారాంతాల్లోనే తెరుస్తారు, వెళ్ళే ముందు చూసుకోండి. ఆగస్టైనా వానకోటు, జారని బూట్లు ఉండాలి. సెప్టెంబరు దాకా ఉంటే హెరిటేజ్ ఓపెన్ డేస్ దొరుకుతాయి, మామూలుగా మూసి ఉండే కట్టడాలు కూడా ఉచితంగా చూడొచ్చు. హెప్టన్‌స్టాల్ అనే కొండ మీది నేత ఊరి గురించి రాయలేదు, అక్కడ ఎక్కుడు చాలా ఎక్కువ. మీ నాన్నగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో చెబితే అది చేర్చాలో వద్దో చెబుతాను.