లేసు డబ్బు దారి తప్పకూడదు

అమ్మడూ,

మన నరసాపురం లేసుని మధ్యవర్తి లేకుండా నువ్వే ఇటలీకి పంపుతున్నావని మీ నాన్న చెప్పగానే కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. "స్విఫ్ట్ కోడ్‌దేముంది, చెక్కుబుక్కు మీద ఉన్నదే కదా" అన్నావట! విదేశం నుంచి వచ్చే డబ్బు ఏ బ్యాంకుకి చేరాలో చెప్పేదే స్విఫ్ట్ కోడ్.

ఎగుమతి, దిగుమతులకు కావలసిన ఐఈసీ నంబరు తీసుకో, బిల్లులన్నీ దాచుకో. అవి నీకు తెలిసినవే.

చెక్కు మీద ఉండేది ఐఎఫ్ఎస్‌సీ తల్లీ. అది దేశం లోపలి లావాదేవీలకే. నేను బ్యాంకులో ఫారెక్స్ (విదేశీ డబ్బు) సీట్లో ఉన్నప్పుడు ఓ లేసు వ్యాపారి ఇన్‌వాయిస్ మీద స్విఫ్ట్ అని రాసి, పక్కన ఐఎఫ్ఎస్‌సీ వేశాడు. అదీ 11 అక్షరాలే, స్విఫ్టూ 11 ఉండొచ్చు. ఎవరికీ అనుమానం రాలేదు. విదేశంలో కొన్నవాళ్ళ బ్యాంకు కోడ్ తప్పని డబ్బు ఆపేసింది. ఉత్తరప్రత్యుత్తరాలు తెమిలేలోపు సంక్రాంతి వచ్చేసింది. అల్లిన ఆడవాళ్ళు మొగల్తూరు నుంచి బస్సెక్కి వచ్చి ఆయన అరుగు మీద కూర్చున్నారు. ఒకావిడ సంచీలోంచి సగం అయిన టేబుల్ గుడ్డ తీసి, డబ్బు కోసం ఎదురుచూస్తూనే అల్లుతోంది. ఆయన వడ్డీకి తెచ్చి కూలి ఇచ్చాడు. మంచివాడు కాబట్టి ఇచ్చాడు.

అందుకే ఐదో అక్షరం చూడు. ఐఎఫ్ఎస్‌సీలో అక్కడ సున్నా ఉంటుంది. స్విఫ్ట్‌లో మొదటి 4 బ్యాంకువి, తర్వాతి 2 దేశానివి, మనకి ఐఎన్. ఆ తర్వాతి 2 ప్రాంతానివి. అక్కడికి 8. చివర ఇంకో 3 ఉంటే బ్రాంచివి, ఎక్స్ఎక్స్ఎక్స్ ఉంటే హెడ్డాఫీసు. చాలా చిన్న బ్రాంచీలకు సొంత కోడ్ ఉండదు. మీ బ్రాంచికి ఏ కోడ్ వాడాలో మేనేజరు చేత లెటర్‌హెడ్ మీద రాయించుకో. గూగుల్లో వెతికి వేశావంటే ఊరుకోను.

ఇటలీ వాళ్ళు ఐబాన్ (అంతర్జాతీయ అకౌంట్ నంబరు) అడుగుతారు. మనకది లేదు, అకౌంట్ నంబరే ఇవ్వు. కోడ్ డబ్బుని బ్యాంకు గడప దాకానే తెస్తుంది, నీ చేతికి అందేది నంబరు వల్ల. ఒక్క అంకె కూడా తేడా రాకూడదు. ఛార్జీలన్నీ వాళ్ళే కట్టేలా ముందే మాట్లాడుకో, లేకపోతే దారిలో బ్యాంకులు కొంత కోసుకుంటాయి.

నాకు అన్నిటికంటే భయం దొంగ మెయిళ్ళంటే. అకౌంట్ మారిందని నీ పేరుతో మెయిల్ వస్తే, నీకు ఫోన్ చేసి అడగకుండా డబ్బు వేయొద్దని ఆ కొనేవాళ్ళకి ఇప్పుడే చెప్పు.

కూలి డబ్బు మాత్రం ముందే పక్కన పెట్టు. తక్కువైతే నన్నడుగు, మీ నాన్నకి చెప్పనులే. మేనేజరు లెటర్ ఇవ్వగానే ఫోటో పంపు, అక్షరం అక్షరం చూస్తాను.

మీ పెదనాన్న