పెద్దకర్మ అయ్యాక ఇల్లు ఖాళీ అయింది

ప్రశ్న: నాన్నగారు పోయి నలభై రోజులైంది. పెద్దకర్మ దాకా ఇంటినిండా జనం. ఇప్పుడు అమ్మ (64) ఒక్కతే. సరిగ్గా తినదు, రాత్రి రెండింటికే లేచి కూర్చుంటుంది, నాన్న దగ్గు వినిపించిందంటుంది. నిద్రమాత్ర వేయమని పక్కింటావిడ, నాన్న బట్టలన్నీ తీసేయమని అన్నయ్య. నేనుండేది హైదరాబాద్‌లో. ఏం చెయ్యను?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: దగ్గు సంగతికి భయపడకండి. ఏళ్ల తరబడి పక్కనున్న మనిషి పోతే ఆ అలికిడి వినపడటం చాలామందికి జరిగేదే. మతి చెడినట్టు కాదు. కొట్టిపారేస్తే మీకు చెప్పడం మానేస్తారంతే.

ముందు మందుల డబ్బా చూడండి. కర్మల హడావిడిలో బీపీ, షుగర్ మాత్రలు తప్పిపోతుంటాయి. కొన్ని షుగర్ మాత్రలు వేసుకుని తినకపోతే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, దడ వస్తాయి. ఇంట్లోవాళ్లు అది బెంగ అనుకుంటారు. ఉన్న మాత్రలు లెక్కపెట్టి, ఒకసారి డాక్టరుకు చూపించండి.

ఇద్దరికి వండిన చెయ్యి అలవాటుగా ఇద్దరి బియ్యమే పోస్తుంది, మిగిలిన అన్నం చూస్తే మళ్లీ ఏడుపు. చిన్న గిన్నె, ఒక్కరికి సరిపడే కొలగ్లాసు విడిగా పెట్టండి. కంచం నిండా వద్దు. రెండు మూడు గంటలకోసారి ఒక ఇడ్లీయో, గ్లాసు జావో, నాలుగు ముద్దల పెరుగన్నమో చాలు. రాత్రి వీడియో కాల్ పెట్టుకుని ఇద్దరూ ఒకే వేళకు తినండి.

పక్కింటావిడ మాత్ర మాత్రం వద్దు. ఈ వయసులో ఆ మత్తులో బాత్రూంకు లేస్తే తూలి పడతారు, తుంటి విరగొచ్చు. వారాల తరబడి వాడితే మానడమూ కష్టమే. ఎప్పుడు నిద్రపట్టినా లేచే వేళ ఒకటే ఉండాలి. పొద్దున అరగంట వాకిట్లో ఎండ, మధ్యాహ్నం కునుకు అరగంటే, మూడు దాటాక కాఫీ లేదు. మనవాళ్లు చుట్టాలింటికి తీసుకెళ్లి ‘నిద్ర చేయిస్తారు’ చూశారూ, దాన్ని ఒక్క రాత్రి తంతుగా వదిలేయకండి. పిన్నిగారో మేనత్తగారో వంతులు వేసుకుని వారానికో రాత్రి వచ్చి పడుకుంటే మాత్రకన్నా నయం.

బట్టల విషయంలో అన్నయ్యగారిని ఆగమనండి. అమ్మగారే తీసే రోజు వస్తుంది. ఇల్లు అమ్మడం, ఆవిణ్ణి హైదరాబాద్ తెచ్చేయడం కూడా వీలైతే ఏడాది వాయిదా వేయండి.

‘ధైర్యంగా ఉండు’ అనేకంటే నాన్నగారి గురించి అడగండి. ఏడుస్తుందని అందరూ ఆయన పేరెత్తడం మానేస్తే, అప్పుడే మర్చిపోయారనుకుంటారు ఆవిడ. మాసికాల ముందు దుఃఖం మళ్లీ పొంగుతుంది, ఆ తేదీలకు సెలవు పెట్టుకోండి.

‘నేనూ ఆయన దగ్గరికే పోతా’ అంటే కసరకండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?’ అని సూటిగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ లైను ‘టెలిమానస్’ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆరు నెలలు దాటినా అదే ధ్యాసలో ఉండి స్నానం, వంట కూడా సాగకపోతే మానసిక వైద్యుడికి చూపించాలి.

ప్రశ్న: మా ఆరేళ్ల బాబుకు తాతయ్య నిద్రపోయాడని చెప్పాం. ఇప్పుడు వాడు రాత్రుళ్లు పడుకోనంటున్నాడు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: బహుశా ఆ మాటే భయపెట్టింది. ‘తాతయ్య చనిపోయారు. ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, ఇక లేవరు. నిద్ర వేరు, పొద్దున్నే నువ్వూ నేనూ లేస్తాం’ అని చెప్పండి. రేపు మళ్లీ అడుగుతాడు. అదే జవాబు, అవే మాటల్లో.